సారు, కొత్త అల్లుడు

సారు పోయారని మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే కబురొచ్చింది. దండ వేసిన ఫొటో, కింద అల్మాస్‌గూడలో ఇంటి గుర్తులు. ఎవరో కంగారులో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, తీసేసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేను ముందు ఏడ్చాను, తరవాత సెలవు పెట్టాను. మా ఆఫీసులో ఇప్పుడు సెలవుకి మనిషిని అడగక్కర్లేదు, ఫోన్లో యాప్‌ని అడగాలి. మరణం అని నొక్కితే, పోయినవారు మీకు ఏమవుతారని అడిగింది. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, అత్తమామలు అని వరసగా ఇచ్చింది గానీ మేనేజరు అని ఎక్కడా లేదు. 'ఇతరులు' అని నొక్కితే, కారణం రెండు వందల అక్షరాల్లో రాయమంది. నేను రాసింది రెండో వాక్యంలోనే తెగిపోయింది. రెండు నిమిషాల్లో సెలవు మంజూరు కాలేదని జవాబు కూడా వచ్చింది. ఆ జవాబు చూస్తే సారు ఏమనేవారో తెలుసు గనక ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. సెలవు లేకుండానే వెళ్లాను. కావాలంటే ఆ రోజు జీతం కోసుకోమనండి.

ఆ రెండు వందల అక్షరాల్లో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది బట్టల షాపుల కంపెనీ. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు షోరూములు, ఎల్బీనగర్‌లో ఒకటి, దాని మూడో అంతస్తులో ఆఫీసు. సారు అక్కడ హెచ్.ఆర్. హెడ్, నేను ఆయన అసిస్టెంటుని. ఆ హెచ్.ఆర్. అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మీరేం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే "మందిని తీస్కుంట, తీస్కున్న మందిని సముదాయిస్త" అనేవారు. పొట్టి చేతుల చొక్కా, జేబులో మూతలేని ఆకుపచ్చ ఇంకు పెన్ను, జేబు అడుగున ఎప్పుడూ ఒక ఆకుపచ్చ మరక. ఆయన దగ్గర దేనికీ మూత నిలిచేది కాదు. పెన్ను మూత, సీసా మూత, టిఫిను డబ్బా మూత అన్నీ పోయేవి. నోటికైతే మొదటినుంచీ లేదు.

ఉద్యోగానికి వచ్చినవాళ్లని ఆయన ప్రశ్నలు అడిగేవారు కాదు. కింద కౌంటర్ నుంచి ఒక పట్టుచీర తెప్పించి, దాన్ని బల్ల మీద బార్లా విప్పేసి, "మడతపెట్టు" అనేవారు. మడత ఎలా వచ్చిందో చూసేవారే కాదు, పెడుతున్న మనిషి ముఖం చూసేవారు. నేను చేరిన కొత్తలో ఇదేంటండీ అని అడిగాను.

"నలభై చీరలు ఇప్పించుకోని ఒక్కటి గూడ కొనకుంట పోతది ఒకామె. ఆమె మెట్లు దిగినంక నలభై చీరలు మళ్ల మడతపెట్టాలె. గప్పుడు నీ మొకం ఎట్లుంటదో గదే నీ బయోడేటా. మిగతాదంత జిరాక్స్."

ఆ పరీక్షలో తప్పినవాళ్లకి ఆయనే చెప్పేవారు, ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ తాగించి. టీ అయ్యేలోగా వాళ్ల ఊరు, మండలం, ఆ ఊళ్లో తనకు తెలిసిన మనిషి, ఆ మనిషి పొలం తగాదా, అన్నీ తిరిగొచ్చి చివర్న "నీకీ పని పడదు బిడ్డా" అనేవారు. ఇంకో షాపు పేరు కాగితం మీద ఆకుపచ్చగా రాసిచ్చేవారు. ఒకతన్ని అలా మూడేళ్ల కిందట వద్దన్నారట, అతను ప్రతి నెలా మొదటి శనివారం వచ్చి టీ తాగి వెళ్లేవాడు. ఉద్యోగం ఇచ్చినవాళ్లెవరూ అంత నమ్మకంగా వచ్చేవాళ్లు కాదు.

ఇలా నడుస్తున్న ఇంట్లోకి మిషన్ వచ్చింది. దరఖాస్తులన్నీ ఫోన్లోనే పెట్టుకోవాలి, అవన్నీ అది చదువుతుంది, ఎవరిని పిలవాలో ఎవరిని వద్దనాలో అదే చెబుతుంది. సారు చేతి మీద నడిచిన ఇరవయ్యేళ్ల ఫైళ్లన్నీ స్కాన్ చేసి దానికి ఎక్కించారు. ఆయన మొదట్లో చాలా సంతోషించారు. "నా తాననే సదువుకుంటున్నడు" అని మూడు అంతస్తుల్లోనూ చెప్పుకున్నారు. వారం తిరిగేసరికి దానికి కొత్త అల్లుడని పేరు పెట్టారు.

"అల్లుడేమంటున్నడు?" అనేవారు పొద్దున్న రాగానే.

"పదిహేను మందిని వద్దన్నాడండీ."

"ఎందుకంట?"

"చెప్పలేదండీ."

"గంతే. కొత్త అల్లుడు ఏం పెట్టినా తింటడు. నచ్చకుంటే ఏం నచ్చలేదో చెప్పడు, అలిగి పోతడు. మనం ఎనక పడాలె."

ఎనక పడమనే ఓనరుగారు కూడా షరతు పెట్టారు. మిషన్ వద్దన్నవాళ్ల జాబితాని రోజూ ఒక మనిషి చదివి, సరేనని నొక్కితేనే వాళ్లకి జవాబు వెళ్లాలి. ఆ మనిషి సారు. కంప్యూటర్లో చిన్న అక్షరాలు సారుకి ఆనవు గనక ఆయన పాస్‌వర్డు నా దగ్గర ఉండేది. అంటే ఆ మనిషి నేను. నాకేమో జీతాలు, సెలవులు, యూనిఫాం కొలతలు, లిఫ్టు ఆగితే లిఫ్టువాడికి ఫోను. అందుకని సాయంత్రం జాబితా తెరిచి, పైన ఉన్న గడిలో ఒక్క టిక్కు పెడితే కింద అందరికీ పడుతుంది, సరే అని నొక్కేసేదాన్ని. చదవలేదు. ఇప్పుడైనా నిజం చెప్పాలి గదా, ఒక్క రోజూ చదవలేదు.

దసరా సీజన్‌కి మనుషుల్ని తీసుకుంటున్నప్పుడు మొదటి గొడవ వచ్చింది. నల్లగొండ వైపు ఒకే ఊరివాళ్లు ఐదుగురు కట్టగట్టుకుని ఆఫీసుకి వచ్చారు. ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఐదుగురికీ ఒకటే జవాబు వచ్చింది: మీరు ఇదివరకే దరఖాస్తు చేసుకున్నారు, ఒక మనిషి ఒక్కసారే చేసుకోవాలి.

"మమ్ముల ఒక్కడన్నది సార్" అంది వాళ్లలో పొడుగ్గా ఉన్న అమ్మాయి.

సారు వాళ్లని లాప్‌టాప్ ముందు వరసగా నిలబెట్టారు. "అల్లుడా, లెక్కపెట్టు" అన్నారు దాంతో. అది లెక్కపెట్టలేదు. నేను ఐదు బయోడేటాలూ తెరిచి చూశాను. ఐదింటిలోనూ తండ్రి పేరు ఒకటే. ఐదుగురూ పుస్తకాలు చదువుతారు, ఐదుగురూ క్రికెట్ ఆడతారు, ఐదుగురికీ జట్టుని నడిపించే శక్తి చిన్నప్పటినుంచీ ఉంది.

"మీ అయిదుగురికి నాయిన ఒక్కడేనా?" అన్నారు సారు.

"మా నాయిన మా నాయినే సార్. గాయినెవరో మాకు తెల్వదు" అన్నాడు ఒకడు, బయోడేటాలో పేరు చూసి బెదిరిపోయి.

సారు నన్ను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లారు. కోచింగ్ సెంటర్ల సందులో ఒక జిరాక్స్ షాపుంది, వీళ్లంతా అక్కడే బయోడేటా చేయించుకున్నారు. షాపతను కంప్యూటర్ ముందునుంచి లేవకుండానే చెప్పాడు.

"పేరు, ఫోన్ నంబర్ మారుస్త సార్. మిగతాది అందరిది ఒక్కటే ఉంటది."

"నాయిన పేరు గూడనా?"

"గది మొదటి పిలగానిది సార్. గా బయోడేటాతోని ఆయనకు నెల తిరగకుంటనే నౌకరొచ్చింది. మంచి చెయ్యి పడ్డదని గట్లనే ఉంచిన."

సారు అతన్ని తిట్టలేదు. తండ్రి పేరు మార్చడానికి విడిగా ఏమైనా తీసుకుంటావా అని అడిగి, తీసుకోనన్నాక ఐదింటినీ అక్కడే మార్పించారు. తిరిగొచ్చి ఐదుగురిచేతా చీరలు మడతపెట్టించి నలుగురిని తీసుకున్నారు. ఐదోవాడు చీర పట్టుకున్న తీరు చూసి టీ తెప్పించారు.

ఆ తరవాత వారం రోజులు ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు. క్యాంటీన్లో, లిఫ్టులో, ట్రయల్ రూముల దగ్గర, ఒకటే కథ. "ఎంత సదివినా ఏం ఫాయిదా? ఐదుగురు మనుషులు ముందల నిలబడ్డా ఒక్కడే అంటడు. మనిషి మనిషే." ఆ గర్వంలోనే ఉన్నారు మంజుల వచ్చేసరికి.

మంజులకి ముప్పై ఐదేళ్లుంటాయి. కొత్తపేటలో ఒక చీరల షాపులో ఆరేళ్లు పనిచేసింది. ఆ షాపు మూతపడింది. భర్త లారీ తోలేవాడు, లోడు దింపుతూ నడుం పట్టేసి ఇంట్లో పడుకున్నాడు. వాళ్లుండేది బాటసింగారంలో. ఇప్పుడు పండ్ల మార్కెట్లో కాయలు ఏరే పనికి కూలికి పోతోంది. మా కంపెనీకి మూడుసార్లు దరఖాస్తు పెట్టింది, మూడుసార్లూ వద్దని జవాబొచ్చింది. మాకు ఆ సోమవారంతో సీజన్ భర్తీ ఆఖరు. అప్పటికి దొరక్కపోతే మళ్లీ పెళ్లిళ్ల సీజన్ దాకా ఎక్కడా ఎవరూ తీసుకోరని ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

"నాకు నౌకరియ్యకున్నా మంచిదే సార్. ఎందుకియ్యరో జర చెప్పుండ్రి. గదే తప్పు మళ్ల చెయ్యకుంట ఉంట" అంది.

సారు చీర విప్పారు. ఆమె మాట్లాడుతూనే, చీరవైపు చూడకుండానే, కొంగు డిజైను పైకొచ్చేలా మడతపెట్టి ఆయన ముందుకి జరిపింది. జరిపి, "ఇంకొకటి సూపియ్యాల్నా అమ్మా" అంది అలవాటుగా. ఆయన ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను.

"అల్లుడు మళ్ల తప్పు చేసిండు. అల్లున్ని ఇచ్చినోళ్లను పిలువు" అన్నారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఒక మేడం మధ్యాహ్నానికి వచ్చారు. మంజుల ఇంకా అక్కడే ఉంది. నెమ్మదైన మనిషి. జిరాక్స్ షాపు కథ మొత్తం ఓపిగ్గా విన్నారు. తరవాత మంజుల దరఖాస్తు తెరిచి, చిరునామాలో బాటసింగారం తీసేసి దిల్‌సుఖ్‌నగర్ అని కొట్టారు. పిలవండి అంది మిషన్. మళ్లీ బాటసింగారం పెట్టి, ఆడ అన్నచోట మగ అని మార్చారు. పిలవండి అంది. రెండూ ఉన్నవి ఉన్నట్టు పెట్టారు. వద్దంది.

"చూశారా సార్. దూరం నుంచి వచ్చే ఆడవాళ్లయితే వద్దంటోంది" అన్నారు మేడం.

సారు కుర్చీలో ముందుకి జరిగారు. "గదెట్ల? ఎవరు నేర్పిండ్రు దానికి గసొంటి పని? ఇగ ఆడోళ్లు పనే చెయ్యొద్దా? కంపెనీ పేరు బద్నాం కాదా?"

"ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు సార్. దానికి సొంత అభిప్రాయం ఏమీ ఉండదు. మీ పాత ఫైళ్లలో ఎవరిని తీసుకున్నారో, ఎవరిని వద్దన్నారో చూసి అలాగే చేస్తుంది."

సారు మేడాన్ని చూడలేదు, నన్నూ చూడలేదు, లాప్‌టాప్ మూత వైపు చూశారు. ఆ గదిలో మూత ఉన్న వస్తువు అదొక్కటే.

"షాపు బంజేసేసరికి ఎనిమిదిన్నర అయితది" అన్నారు చివరికి, మంజులతో. గొంతు తగ్గింది. "ఆడపిల్ల గప్పుడు ఎల్లి గంత దూరం ఎట్ల పోతది, మనకెందుకు పాపం అని కొందర్ని వద్దన్న. మంచికే అనుకున్న బిడ్డా."

మంజులకి కోపం రాలేదు. వస్తే బాగుండేది, మాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"మార్కెట్ల పనికి నేను ఇంట్లకెల్లి తెల్లారక ముందే ఎల్తా సార్. గప్పుడు రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరుండరు. గా పని వద్దని నాకెవరు చెప్పలే. ఎట్ల పోతవ్, ఎట్లొస్తవ్ అని ఒక్కమాట నన్నడిగితే అయిపోవు గద."

సారు తల ఊపారు. "మరి ఈ మూడుసార్లు నేను సూడలే. సూడాలె అని షరతు ఉన్నది" అంటూ నావైపు తిరిగారు. అడగలేదు. నేనే చెప్పాలని ఊరుకున్నారు. చదవకుండా టిక్కు పెట్టింది నేనేనని మంజులకి చెప్పాను. మిషన్‌కి చెప్పినంత తేలిక కాదు అది, ఎదురుగా ఆమె చేతులున్నాయి, కాయల జిగురుకి గోళ్ల చుట్టూ నల్లబడి. ఆమె "పోనియ్యుండ్రి మేడం" అంది. ఆ పోనియ్యుండ్రి ఇప్పటికీ నాలో ఎక్కడికీ పోలేదు.

ఆమెకి ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చారు సారు, చేత్తో రాసి. మిషన్‌కి చిరునామా, ఆడా మగా ఇక కనపడకుండా చేస్తానని, వద్దన్న ప్రతివాళ్లకీ ఎందుకు వద్దందో పక్కనే రాసేలా చేస్తానని చెప్పి మేడం బ్యాగు సర్దుకున్నారు. ఓనరుగారికి ఫోన్లో చెబితే సమస్య తీరిపోయిందిగా అన్నారు. అందరికీ తీరిపోయింది, సారుకి తప్ప.

"అల్లునికి మేడం మరిపిస్తది. నాకెవరు మరిపిస్తరు?" అన్నారు నాతో. "రేపు ఫైళ్ల రూం తాళం తీయి."

శనివారం ఇద్దరం ఆ గదిలో నేలమీద కూర్చున్నాం. సారు అంచనా, మహా అయితే పది మంది ఉంటారని. పరీక్షకి పిలవకుండానే పక్కన పెట్టిన కాగితాల మూలన ఆకుపచ్చగా ఒకటే మాట ఉండేది: దూరం. అది కనపడ్డ ప్రతి ఆడమనిషి ఫైలూ ఆయన ఎడమపక్కన పెడుతూ వచ్చాను. టీ వచ్చేసరికి ఆ కుప్ప స్టూలెత్తు అయింది. టీ చల్లారిపోయింది. ఘట్‌కేసర్ దూరం, చౌటుప్పల్ దూరం సరే, ఒక కాగితం మీద నాగోలు కూడా దూరమే.

"నాగోల్‌కి మెట్రో ఉంది కదండీ" అన్నాను.

"గప్పటికి రాలే" అన్నారు. కాగితం మీద తేదీ చూసి, "ఒచ్చిందేమో" అన్నారు.

కుప్పలోంచి ఫోన్లు మొదలుపెట్టారు. నేను చేస్తానన్నాను, వద్దన్నారు. సగం నంబర్లు పనిచేయలేదు. ఒకావిడ ఇది మోసపు ఫోనని, ఓటీపీ చెప్పేది లేదని తిట్టి పెట్టేసింది. ఇంకొకావిడ ఇప్పుడు వేరే షాపులో ఫ్లోర్ మేనేజరట, మీ దగ్గర మంచి సేల్స్‌మెన్ ఎవరైనా ఉంటే పంపండి అంది. మరొకావిడకి ఏమీ గుర్తులేదు. "ఎప్పుడో ఎనిమిదేండ్ల కింద వద్దన్నందుకు ఇప్పుడు ఫోన్ చేస్తున్నరా? మీ ఆఫీసుల పని లేదా సార్?" అని అడిగింది. ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకుని ప్రతి ఒక్కరికీ అదే చెప్పారు, కొంచెం నత్తినత్తిగా: మిమ్మల్ని పని రాదని కాదు వద్దన్నది, దూరమని, అడగకుండా నేనే అనుకున్నా, పని కావాలంటే సోమవారం రండి. ఎనిమిది మంది వస్తామన్నారు.

నేను ఫైళ్లు తీస్తూనే ఉన్నాను. ఆ మధ్యలోనే నా పేరు కనపడింది.

మా నాన్న నూజివీడు మామిళ్ల వ్యాపారి దగ్గర గుమస్తా. పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం మారినప్పుడు మేమూ అక్కడికి మారాం, నేను ఈ ఉద్యోగానికి రాసింది అప్పుడే. నా ఫొటో, నా మార్కులు, మూలన ఆకుపచ్చగా 'దూరం. వద్దు.' దాని కింద రెండు వారాల తరవాతి తేదీ వేసి ఇంకో వాక్యం: 'తీసుకున్న అబ్బాయి రాలేదు. ఈ అమ్మాయిని పిలవండి.'

నాలుగేళ్లుగా నా తెలివి చూసి తీసుకున్నారనే అనుకుంటున్నాను. ఇంట్లోవాళ్లకీ అలాగే చెప్పాను. కళ్లు మండాయి, దుమ్ము అని సర్దిచెప్పుకునే వయసు కూడా కాదు.

"ఇది ఏ కుప్పలో పెట్టమంటారు సార్?" అన్నాను.

ఆయన ఫోను పక్కన పెట్టారు. కాగితం తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా పెట్టుకుని తన రాత తానే చదువుకున్నారు, రెండుసార్లు. తప్పయిందని అంటారనుకున్నాను. అనలేదు. నావైపు చూసి అడిగారు.

"గప్పుడు నువ్వు ఇంటికి ఎట్ల పోతుంటివి బిడ్డా?"

"బస్సులో సార్" అన్నాను. "హయత్‌నగర్ దాటితే సీటు కూడా దొరికేది."